ద్రాక్షపందిళ్ళు ఏమైనాయి?

ద్రాక్ష మన సాహిత్యంలో ఉన్నంతగా మన పొలాల్లో లేదు. చదవగానే అర్థమై మనసుకు హత్తుకునే కవిత్వాన్ని ద్రాక్షాపాకం అన్నారు పెద్దలు. పీచు తీసి, పెంకు పగలగొడితేగాని రుచి తెలియనిది నారికేళపాకం. కొబ్బరి సంగతి సరే, కృష్ణాజిల్లా వాళ్ళకు చేతికందే చెట్టు. మరి ద్రాక్ష? జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో ప్రత్తి ఉంది, మిర్చి ఉంది, మామిడి ఉంది, అపరాలున్నాయి. ద్రాక్ష మాత్రం బజారులో తోపుడుబండి మీద కనిపించే పండే.

ఆ బండి మీది పండు ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల తోటల నుండి వచ్చేది. ఈనాడు చాలావరకు మహారాష్ట్ర నుండి వస్తున్నది. హైదరాబాదు తోటలు ఏమైనాయి? తెగులు తినేసిందా? నేల చచ్చిపోయిందా? రైతుకు చేతకాలేదా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ తోటలకూ మనకూ ఏమిటి సంబంధమని పాఠకులు అడగవచ్చు. పూణేలో బయలుదేరి, ద్రాక్షసీమ అయిన షోలాపురం మీదుగా హైదరాబాదు వచ్చి, అక్కడనుండి బందరు దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మన కీసర దగ్గర మునేరు దాటుతుంది. ఆ దారి వెంట పైన జరిగిన కథ నెమ్మదిగా కిందికి దిగి వస్తున్నది. సంబంధం అదే.

తీగ నడిచి వచ్చిన దారి

సాగు ద్రాక్ష శాస్త్రీయ నామం విటిస్ వినిఫెరా. జార్జియా దేశంలో తవ్వకాల్లో దొరికిన మట్టికుండల పెంకులను పరీక్షించి, సుమారు 8000 ఏళ్ళ క్రితమే అక్కడివారు ద్రాక్షరసాన్ని పులియబెట్టి వైన్ చేసేవారని శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించారు. ఆ పక్కనే ఆర్మీనియాలో ఒక గుహలో ఆరువేల ఏళ్ళనాటి ద్రాక్ష తొక్కే తొట్టి బయటపడింది.

మన దేశానికి వస్తే, కౌటిల్యుని అర్థశాస్త్రం సురాధ్యక్షుని అధికరణంలో ద్రాక్షరసంతో చేసిన పానీయాన్ని 'మధు' అన్నది. దానిలో రకాలకు కాపిశాయనం, హారహూరకం అని అవి పుట్టిన సీమల పేర్లే పెట్టారు. కాపిశి నేటి అఫ్ఘనిస్తాన్‌లోది. అంటే ఆనాటికే వైన్‌ను ఊరిపేరుతో పిలిచే అలవాటు ఉన్నదన్నమాట. ఆయుర్వేదంలోని ద్రాక్షారిష్టం కూడా ఈ కుటుంబానిదే. ఎండుద్రాక్ష కషాయంలో బెల్లం, ధాతకీ పుష్పాలు వేసి మూతబిగించి పులియబెడతారు. నీరసానికి ఆ సీసా తెచ్చి రెండు చెంచాలు పోసిన అమ్మమ్మలకు అది వైన్‌కు చుట్టమని తెలియకపోవచ్చు.

దక్కనుకు ద్రాక్ష వచ్చి కూడా చాలాకాలమే అయింది. 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఉన్న ఇబ్న్ బతూతా, దౌలతాబాదులో ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండు కాపులు కాస్తాయని రాశాడు. 1660లలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు థెవెనో, ఇక్కడి ద్రాక్ష జనవరికే పండుతుందనీ, దానితో తెల్ల వైన్ చేస్తారనీ చెప్పాడు. ఆ రోజుల్లో గోల్కొండ నుండి బందరు రేవుకు పోయే బాట మన మెట్టను దాటుకునే పోయేది. పరిటాల వజ్రాలు ఆ రాజ్యానివే. వజ్రం ఇక్కడ, ద్రాక్ష అక్కడ.

రాజద్రాక్ష

హైదరాబాదుకు పేరు తెచ్చిన రకం అనాబ్-ఎ-షాహీ. మాటకు అర్థం రాజద్రాక్ష. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ అనే ఆయన దీనిని హైదరాబాదులో నాటాడని చెబుతారు. మొదట బంగళాల పెరళ్ళలో పెరిగిన ఈ తీగ, స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి దశాబ్దాల్లో వ్యాపార పంటగా పొలాల్లోకి దిగింది. నగరం నలువైపులా రాతి కడీలు పాతి, తీగెలు లాగి, పందిళ్ళు వేశారు. మేడ్చల్, శామీర్‌పేట, కీసర వైపు తోటలు ప్రసిద్ధి. (ఈ కీసర మనది కాదు, కీసరగుట్ట ఉన్న తెలంగాణ కీసర. పేరు ఒకటే, నేల వేరు.)

అనాబ్ పండు పొడుగ్గా, తేనెరంగులో, గింజతో ఉంటుంది. హెక్టారుకు సగటున 35 టన్నులు, అంటే మన లెక్కలో ఎకరానికి సుమారు 14 టన్నుల దిగుబడి. ఇంత కాపు చూసిన వాళ్ళు దాన్ని వదులుతారా! దాని బలహీనత ఒకటే. బూజు తెగులు త్వరగా పట్టుకుంటుంది. తరువాత గింజలేని థామ్సన్ సీడ్‌లెస్ వచ్చింది. దాని గింజ పోయింది గాని పండు చిన్నది. పండు పెద్దది కావడానికి గుత్తులను జిబ్బరెల్లిక్ ఆమ్లం ద్రావణంలో ముంచడం మొదలుపెట్టారు. ఇక్కడొక ముచ్చట చెప్పాలి. ఈ హార్మోను జాడ మొదట తెలిసింది ద్రాక్షలో కాదు, వరిలో. జపాన్‌లో వరి మొక్కలు పిచ్చిగా పొడుగు పెరిగి పడిపోయే తెగులు ఒకటుండేది. దానికి కారణం ఒక శిలీంధ్రం విడిచే పదార్థమని 1926లో కురొసావా నిరూపించాడు. వరికి జబ్బు తెచ్చినదే ద్రాక్షకు బలమైంది.

కత్తెరే చలికాలం

చల్లని దేశాల్లో ద్రాక్షతీగ శీతాకాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో లేచి పూస్తుంది. మన దగ్గర అంత చలి లేదు. వదిలేస్తే తీగ ఏడాది పొడుగునా పచ్చగా పాకుతూనే ఉంటుంది, కాయడం మరిచిపోతుంది. కాబట్టి ఆ చలికాలాన్ని రైతు కత్తెరతో తెస్తాడు.

దక్కనులో తీగను ఏటా రెండుసార్లు కత్తిరించి ఒక్క పంట తీస్తారు. పండు కోసిన తరువాత మార్చి-ఏప్రిల్ నెలల్లో మొదటి కత్తిరింపు. పాత కొమ్మలను దాదాపు మొదటికంటా తీసేస్తారు. కొత్త కొమ్మలు వస్తాయి. ఆ కొమ్మల మొగ్గల్లో, ఎండ బాగా ఉన్న రోజుల్లో, వచ్చే పంట పూగుత్తి సూక్ష్మరూపంలో ఏర్పడుతుంది. అంటే ఫిబ్రవరిలో మనం తినే పండు మేనెల ఎండలోనే నిర్ణయమైపోతుంది. అక్టోబరులో రెండో కత్తిరింపు. ఎన్ని కన్నులు ఉంచి కోయాలన్నదే పనితనం. సుమారు నాలుగు నెలలకు పండు కోతకు వస్తుంది.

మన మెట్టలో ద్రాక్ష ఎందుకు నిలవలేదో దీన్నిబట్టే ఊహించవచ్చు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, రాత్రులు చల్లబడతాయి. నాసిక్ కూడా అంతే. మనది కోస్తాకు దగ్గరి పల్లపు నేల. పైగా రెండో కత్తిరింపు తరువాత లేతచిగురు, పూత ఉండే అక్టోబరు-నవంబరు నెలలే మనకు తుపాను రోజులు. లేతాకు మీద తడి ఆరకపోతే బూజు తెగులుకు అంతకన్న పండుగ ఏముంది?

తినే ద్రాక్ష, తాగే ద్రాక్ష

హైదరాబాదులో అంత పంట పండితే వైన్ పరిశ్రమ మాత్రం నాసిక్‌లో ఎందుకు పెరిగిందన్న అనుమానం రావచ్చు. దీనికి రసాయన శాస్త్రం ఒక జవాబు చెబుతుంది, చరిత్ర ఇంకొకటి.

ఈస్ట్ ఒక గ్లూకోజ్ అణువును విడగొట్టి రెండు ఆల్కహాలు అణువులు, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు చేస్తుంది. లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజ్‌కు 92 గ్రాముల ఆల్కహాలు. ఆచరణలో లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటే ఒక శాతం ఆల్కహాలు వస్తుంది. అనాబ్ రసంలో కరిగిన ఘనపదార్థాలు 14-16 శాతం, అందులో ఎక్కువ భాగం చక్కెరే. లీటరుకు 150 గ్రాములనుకుంటే తొమ్మిది శాతం దగ్గర ఆగుతుంది. అలాంటి వైన్ పలచగా ఉంటుంది, త్వరగా పులిసి వెనిగర్ వైపు పోతుంది. వైన్‌కు కోసే ద్రాక్షలో చక్కెర 22 శాతం దాకా ఉండాలి. అప్పుడు 12-13 శాతం ఆల్కహాలు వచ్చి నిలవ ఉంటుంది. చక్కెర అంత పెరగాలంటే తీగ మీద కాపు తగ్గించాలి. ఎకరానికి 14 టన్నులు తీసే రైతును మూడు నాలుగు టన్నులతో సరిపెట్టుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు? కొనే ఫ్యాక్టరీ ముందే ధర ఖాయం చేస్తేనే ఆ పని జరుగుతుంది.

అలాంటి ఏర్పాటు మహారాష్ట్రలో జరిగింది. నాసిక్ దగ్గర సులా సంస్థ 2000లో తన మొదటి వైన్లు విడుదల చేసింది. 2001లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానాన్ని ప్రకటించింది. అంతకుముందు దశాబ్దంలో మన రాష్ట్రం వేరే పోరాటంలో ఉన్నది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట మహిళలు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రెండోది సడలింది. ఆ మహిళల పోరాటం న్యాయమైనది. ఇంటి కూలి సారాకొట్టుకు పోతుంటే చూసినవారెవరూ దాన్ని తప్పుపట్టలేరు. మనకు వైన్ పరిశ్రమ రాలేదని బాధపడటానికి నేనిది రాయడం లేదు. నా బాధ తోట గురించి.

పందిరి కింద నేల

తినే ద్రాక్షకైనా హైదరాబాదు తోటలు నిలిచి ఉండవలసింది. ఎందుకు నిలవలేదు? అకాల వర్షాలు, వడగళ్ళు దెబ్బతీసిన మాట నిజం. బోర్లు ఎండిపోయిన మాట నిజం. కూలిఖర్చులు పెరిగినయి. కానీ ఈ కష్టాలన్నీ షోలాపురం, సాంగ్లీ రైతులకూ ఉన్నాయి. వాళ్ళు డాగ్‌రిడ్జ్ లాంటి వేరుమొక్కలమీద అంటుకట్టి నీటి ఎద్దడిని, ఉప్పునేలను తట్టుకున్నారు. డ్రిప్ పెట్టుకున్నారు. మిగిలిన పండును ఎండుద్రాక్ష చేశారు. హైదరాబాదు రైతుకు కూడా రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం చేతికందే దూరంలోనే ఉన్నది. చేతకాక కాదు.

తేడా పందిరి కింద నేల ధరలో వచ్చింది. 1998లో హైటెక్ సిటీ, 2008లో శంషాబాద్ విమానాశ్రయం, ఆ తరువాత నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. సరిగ్గా తోటలున్న చుట్టుకొలతలోనే భూమికి రెక్కలొచ్చాయి. ద్రాక్షతోట అంటే కడీలు, తీగెలు, బోరు, అంట్లు అన్నీ ముందే పెట్టుబడి. మొదటి ఏడాది పైగా చేతికి ఏమీ రాదు. తరువాత పదిహేను ఇరవై ఏళ్ళు నిలకడగా కాస్తేనే గిట్టుబాటు. ఎకరం అమ్మిన సొమ్ముకు వచ్చే వడ్డీ ఆ ఎకరం పంట ఇచ్చే ఆదాయాన్ని దాటిన రోజున కొత్త తీగ నాటేవాడు ఉండడు. ఉన్న తోట ముసలిదైతే కడీలు పీకి అమ్ముతాడు. రైతును తప్పుపట్టడానికి లేదు. పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్ళి, తీరని అప్పు ఆయన వెనక ఉంటాయి. ఈనాటికీ కొద్ది తోటలు మిగిలి, నగరవాసులు సెలవునాడు పోయి పండు కోసుకొని వస్తున్నారు. పంట పోయి వేడుక మిగిలింది.

బూజు తెగులుకు మందు కనిపెట్టిన శాస్త్రం భూమి ధరకు మందు కనిపెట్టలేదు. నాకు ఈ కథలో అర్థమైన అసలు విషయం ఇదే.

మన మెట్ట సంగతి

రాజధాని కృష్ణానదికి అవతలి ఒడ్డున అమరావతిలో అన్న దగ్గరనుండి మన హైవే వెంట కూడా సర్వేరాళ్ళు, ప్లాట్ల బోర్డులు పెరిగాయి. 2022లో మన ప్రాంతం కృష్ణాజిల్లా నుండి విడిపోయి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. పేరు మారినా నేల అదే. మా ఇళ్ళలో ఇప్పుడు పంట గురించి మాట్లాడుకునే దానికన్న గజం ధర గురించి మాట్లాడుకునేదే ఎక్కువ. మన దగ్గర ద్రాక్ష లేకపోయినా మామిడి ఉంది. మామిడిచెట్టు ద్రాక్ష కన్న ఎక్కువ ఓపిక అడుగుతుంది. ముప్ఫై నలభై ఏళ్ళ మాట. రోడ్డుపక్క పొలంలో ఈనాడు మామిడి అంటు నాటుదామంటే మా నాన్నవాళ్ళ వయసు వాళ్ళు వెనకాడుతున్నారు. వచ్చే పదేళ్ళలో ఈ పొలం ఎవరిదో తెలియదంటున్నారు. హైదరాబాదు తోటలకు మొదట పట్టిన తెగులు లక్షణం సరిగ్గా ఇదే. నాటడం ఆగిపోవడం.

కాబట్టి సాటి విద్యార్థులకు, ముఖ్యంగా పల్లెల నుండి వచ్చినవారికి, నా విన్నపం ఒకటి. ఏ పంట లాభమని అడిగేముందు, ఏ పొలం పొలంగానే ఉండబోతున్నదని అడగండి. మాస్టర్ ప్లాన్‌లో మీ ఊరికి ఏ రంగు వేశారో పంచాయతీలో చూడండి. వ్యవసాయ మండలమని గీసిన గీత దాటుతుంటే గ్రామసభలో నోరు విప్పండి. నల్లరేగడికి, ఎర్రచెలకకు వేరువేరు విలువ ఉన్నదని మన చదువు మనకు నేర్పింది. ప్లాటు వేసేవాడికి రెండూ ఒకటే. తీగెను ఎలా కత్తిరించాలో చెప్పే పుస్తకాలు మన లైబ్రరీలో ఉన్నాయి. నేలను కత్తిరించకుండా చూసుకునే పాఠం మాత్రం మనమే రాసుకోవాలి.

— ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి, కీసర