బయోడేటాల బేరం

ప్రశ్న: జీడిమెట్ల పారిశ్రామికవాడలో మాకు చిన్న మెషీన్ షాపు ఉంది. ఆపరేటర్లు కావాలి. ఏడాదికి 15 వేలు కడితే 500 బయోడేటాలు ఇస్తామని ఒక ఉద్యోగాల సైటువాళ్లు వెంటపడుతున్నారు. నమ్మొచ్చా?

జవాబు: కట్టేముందు ఆ సైటులో జీడిమెట్ల, బాలానగర్ పేర్లతో వెతకండి. మీకు తెలిసిన ఫ్యాక్టరీ ప్రకటన కనిపిస్తే వాళ్లకే ఫోన్ చేసి ‘ఇది మీరిచ్చిందేనా?’ అని అడగండి. ‘మాకు తెలియదే’ అన్నారంటే ఇక ఆలోచించక్కర్లేదు. పాత ప్రకటనలు ఎత్తుకొచ్చి నింపుకునే సైట్లున్నాయి. అయినా 500 బయోడేటాలు మీకెందుకండీ? కావలసింది షిఫ్టుకొచ్చే నలుగురు.

జీఎస్టీ నంబరు అడిగి, జీఎస్టీ పోర్టల్‌లో సరిచూడండి. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడు, తెలంగాణకు 36. అక్కడున్న పేరు ఒకటి, డబ్బు వేయమన్న ఖాతా ఎవరో వ్యక్తిదైతే ఆగిపోండి.

లెటర్‌హెడ్, ముద్ర, సంతకం స్కాన్ చేసి పంపమంటే మాత్రం అస్సలు వద్దు. అసలు ప్రమాదం అక్కడే. వాటితో మీ పేరిట దొంగ నియామక పత్రాలు తయారుచేసి, రిజిస్ట్రేషన్ ఫీజంటూ నిరుద్యోగుల దగ్గర వసూలు చేయొచ్చు. మోసపోయిన కుర్రాళ్లు వచ్చి నిలదీసేది మీ గేటు దగ్గరే. ప్రకటన ఎక్కడిచ్చినా ‘అభ్యర్థుల నుంచి డబ్బు తీసుకోం’ అని రాయించండి.

కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో ప్రకటనకు రుసుము లేదు. తెలంగాణ ప్రభుత్వ వేదిక డీట్ కూడా ఉంది. వాటిలో మనుషులు వెంటనే దొరుకుతారని చెప్పను. గేటుకు కట్టిన ‘ఆపరేటర్లు కావలెను’ బోర్డునూ తీసేయకండి.

ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.