కోల్‌కతా యూదులు: మనుషులు తగ్గినా నిలిచిన సంస్థలు

అమెరికాలోని షేకర్లు అనే క్రైస్తవ శాఖవారు బ్రహ్మచర్య నియమం వల్ల కరిగిపోయి, నేడు మెయిన్ రాష్ట్రంలోని సబ్బత్‌డే లేక్ దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. పశ్చిమాసియా నుంచి వచ్చిన కోల్‌కతా బాగ్దాదీ యూదులదీ ఇంచుమించు అదే స్థితి, కారణం మాత్రం వలస. 1798లో అలెప్పో నుంచి షాలోం కోహెన్ రావడంతో మొదలైన ఈ సమాజం వ్యాపారంలో ఎదిగి 1856లో బెత్ ఎల్, 1884లో మాగెన్ డేవిడ్ ప్రార్థనా మందిరాలు కట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సుమారు 5 వేలకు చేరిన జనం, దేశ విభజన, 1948లో ఇజ్రాయెల్ ఏర్పాటు తర్వాత ఇజ్రాయెల్, బ్రిటన్, ఆస్ట్రేలియాల దారి పట్టారు. యూదు ద్వేషం తరిమితే జరిగిన వలస కాదిది.

మరి ఈ సమాజం బతికున్నట్టేనా? సామూహిక ప్రార్థనకు కావలసిన పదిమంది పురుషులే లేనప్పుడు మందిరం ఉత్త కట్టడమే కదా అన్న ఆక్షేపణ బలమైనదే. ఆరాధన వరకైతే ఒప్పుకోవాలి. సంస్థల సంగతి వేరు. మందిరాలను తరతరాలుగా కనిపెట్టుకుని ఉన్నవి ముస్లిం కుటుంబాలు. 1881లో పెట్టిన యూదు బాలికల పాఠశాలలో ఇప్పుడు చదివేవారిలో ఎక్కువమంది ముస్లిం అమ్మాయిలే. న్యూ మార్కెట్‌లో 1902 నాటి నహూమ్ బేకరీ కేకుల కోసం క్రిస్మస్‌కు బారులు తీరేది ఊరంతా.