రక్తపోటు – ఉప్పు – మా తాత

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా ఊరికి నర్సమ్మ గారు వచ్చారు. మా తాత చేతికి పట్టీ చుట్టి చూసి 170/100 ఉందన్నారు. తాత నవ్వేశాడు. "బీపీ పట్నంలో కూర్చుని తినేవోళ్ళకి వస్తాది గానీ, రోజూ కొండెక్కి దిగేవోడికి ఎందుకొస్తాదమ్మా?" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. అది తప్పు.

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. అది పంపే రక్తం నాళాల గోడలను నెట్టే బలమే రక్తపోటు. గుండె ముడుచుకున్నప్పటిది పై అంకె, వదులైనప్పటిది కింది అంకె. పెద్దవాళ్ళకు 120/80 లోపు ఉంటే మంచిది. వేరువేరు రోజుల్లో చూసినా 140/90 గాని, ఆపైన గాని ఉంటే జబ్బు కిందే లెక్క. చాలామందికి నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. లోపల మాత్రం నాళాలు పాడై గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ జబ్బు రావచ్చు.

ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి పోటు పెరుగుతుంది. బ్రెజిల్ అడవుల్లో యానోమామి అనే గిరిజనులు వంటలో ఉప్పు వాడరు. 1988లో అచ్చయిన పరిశోధనలో వాళ్ళ రక్తపోటు సగటున సుమారు 95/61 ఉంది. వయసుతో కూడా పెరగలేదు. వాళ్ళు లావు ఉండరు, బాగా తిరుగుతారు, అదీ ఒక కారణమే. వాళ్ళలా చప్పిడిగా తినడం నా వల్ల కాదు లెండి! ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు లోపు చాలంటుంది. కూరలోది, పచ్చట్లోది అన్నీ కలిపే. మా ఇంట్లో అంబలిలో ఉప్పు, సంతలో కొన్న ఎండుచేపలో ఉప్పు, మళ్ళీ అన్నంలో ఉప్పు. ఇక్కడ మనం పచ్చి మామిడికాయకి అద్దుకునేది వేరే.

తాత పదిరోజులు మాత్రలు వేసుకుని "బాగానే ఉన్నాను" అని మానేశాడు. బాగున్నది మాత్రల వల్లేనట! డాక్టరుగారు చెప్పకుండా ఆపకూడదు.

వార్డెన్ సార్‌కి మనవి: మనవాళ్ళు చూడడానికి వచ్చే ఆదివారం నర్సమ్మ గారిని పిలిపిస్తే అమ్మానాన్నలందరికీ బీపీ చూస్తారు.

మొన్న తాత వచ్చాడు. మళ్ళీ మాత్రలు వేసుకుంటున్నాడు, ఎండుచేప తగ్గించాడు. చుట్ట మాత్రం ఇంకా మానలేదు. పొగాకు గుండెకు చేటని చెబితే, "అదొక్కటీ వదిలెయ్యరా" అంటున్నాడు.