పుట్టిన రోజే వేయించాల్సిన టీకా
సందేహాలు - సమాధానాలు

హెపటైటిస్-బి టీకా గురించి ఆబిడ్స్, నాంపల్లి వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ వారం జవాబులు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా కోడలికి ఏడో నెల. రక్తపరీక్షలో హెపటైటిస్-బి ఉందన్నారు. కాన్పు నీలోఫర్ ఆసుపత్రిలో చేయించాలని ఉంది. పసిగుడ్డుకు అప్పుడే సూదులెందుకు, పురుడు వెళ్లాక చూద్దామని మా ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక అత్తగారు, నాంపల్లి

జవాబు: పురుడు వెళ్లేదాకా ఆగకండమ్మా. తల్లి నుంచి బిడ్డకు ఈ వైరస్ ఎక్కువగా సోకేది కాన్పు సమయంలోనే. పెద్దయ్యాక సోకితే నూటికి 95 మంది దాన్ని వదిలించుకుంటారు. పుట్టుకతో సోకితే మాత్రం నూటికి 90 మంది పిల్లల్లో అది తిష్ఠ వేస్తుంది. పైకి ఏ లక్షణమూ కనిపించదు. ఎన్నో ఏళ్లు గడిచాక కాలేయం గట్టిపడిందనో, క్యాన్సర్ అనో బయటపడుతుంది.

అందుకే పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు వేయాలన్నది ప్రభుత్వ టీకాల కార్యక్రమం నియమం. తల్లికి వైరస్ ఉంది కాబట్టి మీ మనవడికో మనవరాలికో 12 గంటల్లోపే టీకా పడాలి. దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ రెండో తొడకు ఇస్తారు. ఆ ఇంజెక్షన్ సంగతి ఆసుపత్రిలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. కోడలికి వైరల్ లోడ్ పరీక్ష చేయించండి. అది ఎక్కువగా ఉంటే చివరి నెలల్లో డాక్టర్లు మాత్రలు ఇస్తారు. తల్లిపాలు నిశ్చింతగా పట్టవచ్చు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ టీకా తప్పనివ్వకండి, ఇదే మందు అందులోనూ ఉంటుంది. బిడ్డకు తొమ్మిది నెలలు దాటాక రక్తపరీక్ష చేయించండి. మీ అబ్బాయికి మాత్రం ఈ వారంలోనే చేయించండి.

ప్రశ్న: ఈ టీకాను జన్యువులు మార్చి తయారు చేస్తారట. పిల్లల జన్యువులు మారిపోవా? టీకా వల్లే జబ్బు వస్తే?
- ఒక వ్యాపారి, ఆబిడ్స్

జవాబు: జన్యువు మార్చేది ఈస్ట్‌లో, మీ పిల్లల్లో కాదు. వైరస్ పైపొరలోని ఒకే ఒక ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువును ఈస్ట్ కణంలో చేరుస్తారు. పెద్ద పెద్ద ట్యాంకుల్లో ఆ ఈస్ట్ పెరుగుతూ ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. దాన్ని వేరుచేసి, శుద్ధిచేసి, అల్యూమినియం లవణానికి పట్టించి సీసాల్లో నింపుతారు. అందులో వైరస్సే లేదు కాబట్టి జబ్బు వచ్చే ప్రసక్తే లేదు. 1981లో వచ్చిన తొలి టీకాను వైరస్ ఉన్నవారి రక్తం నుంచి తీసేవారు. 1986లో అమెరికాలో ఈస్ట్ టీకాకు అనుమతి వచ్చాక ఆ అవసరం తీరిపోయింది.

మన దేశంలో ఈ పద్ధతిలో తొలి టీకా తయారైంది మన హైదరాబాద్‌లోనే. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. దిగుమతి టీకా డోసు వందల రూపాయలు పలుకుతూ సామాన్యుడికి అందని రోజుల్లో, 1993లో ఆయన శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ ప్రయోగశాలలు చోటిచ్చాయి. 1997లో శాంతా వారి టీకా శాన్‌వ్యాక్-బి విడుదలై ధరను ఎన్నో రెట్లు దించింది. భారత్ బయోటెక్ కూడా ఆ బాట పట్టింది. కోవిడ్ కాలంలో బయోలాజికల్-ఇ తెచ్చిన కార్బెవ్యాక్స్‌లోని ప్రొటీన్ కూడా ఈస్ట్‌లో తయారైనదే. ఈస్ట్ పడనివారు, మొదటి డోసుకు తీవ్రమైన ఎలర్జీ వచ్చినవారు మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి.

ప్రశ్న: నర్సింగ్ చదువుతున్నాను. రెండు డోసులు వేయించుకుని రెండేళ్లయింది. మూడోది మరిచిపోయాను. మళ్లీ మొదటి నుంచి వేయించుకోవాలా?
- ఒక విద్యార్థిని, రెడ్ హిల్స్

జవాబు: అక్కర్లేదు తల్లీ. మిగిలిన డోసు ఇప్పుడు భుజానికి వేయించుకో, పిరుదుకు వద్దు. రోజూ సూదులతో పని కాబట్టి, నెల రెండు నెలలు ఆగి యాంటీబాడీ పరీక్ష చేయించుకో. 10 యూనిట్లు, ఆ పైన ఉంటే రక్షణ వచ్చినట్టే. తగ్గితే మీ డాక్టరుకు చూపించు, ఇంకా డోసులు వేస్తారు.

ప్రశ్న: క్లినిక్‌లో పనిచేస్తాను. ఆబిడ్స్‌లో కొన్న టీకాలను కంపౌండరు డీప్ ఫ్రీజర్‌లో పెట్టాడు. కరిగించి వాడవచ్చా?
- ఒక సోదరుడు, నాంపల్లి

జవాబు: వాడకండి. ఈ టీకాకు వేడి కన్నా గడ్డకట్టడమే పెద్ద శత్రువు. 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. మంచి సీసాను ఊపితే మందంతా ఒకే తీరుగా పలచటి పాలలా కనిపిస్తుంది. గడ్డకట్టి కరిగినదాన్ని ఊపితే రేణువులు తేలి, కొద్దిసేపట్లోనే మడ్డి అడుగుకు దిగి పైన తేటనీరు నిలుస్తుంది. అల్యూమినియంకు పట్టిన మందు విడిపోయి బలం పోయిందన్నమాట. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన సీసాలన్నీ పక్కన పెట్టండి. వాటిలోంచి ఇప్పటికే ఎవరికైనా వేసి ఉంటే, రిజిస్టరు చూసి ఫోన్ చేసి పిలిపించి, మంచి సీసాతో మళ్లీ వేయించండి.