రేకరు బండికి గేరుబాక్సు: తారాతలా షెడ్డు నేర్పిన పాఠాలు

మా తాతలు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చారు. మేం ఖరగ్‌పూర్ నుంచి కలకత్తా వచ్చి డీజిల్ బండ్ల కింద దూరాం. ఖిదిర్‌పూర్ డాక్, తారాతలా, గార్డెన్ రీచ్, ఈ మూడింటి మధ్యే నా పని జీవితం గడిచింది. డాక్‌లో కంటైనర్ ట్రైలర్లు లాగే ట్రాక్టర్లు, చెడిపోయిన బండ్లను ఈడ్చుకొచ్చే రేకర్లు, ఫ్లాట్‌బెడ్లు చూసుకోవడం నా పని. ఈ ఊళ్లో రేకర్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ చేతి గేర్లవే. డాక్ ట్రాక్టర్లలోనూ, కొత్త పికప్‌లలోనూ, బయటి దేశాల నుంచి వచ్చిన పెద్ద రికవరీ బండ్లలోనూ మాత్రం ఆటోమేటిక్ గేరుబాక్సు ఉంటుంది. అది పోయిందంటే యజమాని గుండెల్లో రాయి పడుతుంది. "బాబాయ్, దీని బదులు ఏది వెయ్యమంటారు?" అని మనవాళ్ల పిల్లలు అడుగుతుంటారు. వాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

1. కొత్తది ఏదని అడిగే ముందు పాతది ఎందుకు పోయిందో తేల్చండి.

నూటికి తొంభైమంది ఈ పని చెయ్యరు. బండి లాగడం మానేసింది, గేరుబాక్సు దించెయ్, ఇంకోటి ఎక్కించెయ్ అంటారు. రోగం తెలియకుండా మందు వేసినట్టే అది. పాతదాన్ని చంపిన కారణం బండిలోనే ఉండిపోతుంది, కొత్తదాన్నీ అదే చంపుతుంది.

నా పద్ధతి ఇది. కింద సంపు విప్పి, ఆయిల్‌ను శుభ్రమైన తెల్ల ట్రేలోకి వంపుతాను. ముందు వాసన చూస్తాను. కాలిన వాసన కొడుతూ నల్లబడితే క్లచ్ ప్లేట్లు మాడాయి. తరవాత సంపు అడుగున ఉండే అయస్కాంతం తీసి వేలితో రాస్తాను. మెత్తటి బూడిదరంగు ముద్ద అయితే బెంగ లేదు, ఏ గేరుబాక్సులోనైనా అంత అరుగుదల ఉంటుంది. వేలికి గుచ్చుకునే రజను, సూదుల్లాంటి ముక్కలు తగిలితే బేరింగో గేరు పళ్లో విరిగాయి. ఆయిల్‌ను గుడ్డలో వడగడితే నల్లటి పొరల ముక్కలు మిగిలాయా, అది ప్లేట్ల లైనింగు. ఆయిల్ గులాబీ రంగు పాలలా మారిందంటే నీళ్లు పడ్డాయి.

ఇవేవీ లేవు, ఆయిల్ ఎర్రగా నిగనిగలాడుతోంది, అయినా గేర్లు మారడం లేదు. అప్పుడు గేరుబాక్సు మీద చెయ్యి వెయ్యకండి. సోలినాయిడో, వైరింగో, సెన్సరో చూడండి. ఎలక కొరికిన తీగ వల్ల మంచి గేరుబాక్సును దించిన షెడ్లు ఈ ఊళ్లో ఉన్నాయి.

ఆయిల్ మట్టం కూడా సరిగ్గా చూడండి. చేతి గేర్ల బండికి చూసినట్టు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, ఇంజిన్ ఆపి చూస్తే చాలా వాటిలో లెక్క తప్పుతుంది. బండి చదునుగా నిలబెట్టి, ఆయిల్ వేడెక్కాక, ఇంజిన్ తిరుగుతుండగా చూడాలి.

2. ఈ ఊరి వాన గేరుబాక్సులోకి పై నుంచి దిగుతుంది.

2025 సెప్టెంబరు 23న కలకత్తాలో ఒక్కరోజులో 250 మిల్లీమీటర్లు దాటి కురిసింది. నగరం మునిగితే బండ్లన్నీ ఇళ్లలో ఉంటాయి, రేకరు మాత్రం రోడ్డెక్కుతుంది. ఠంఠనియాలోనో, ఉల్టాడాంగా అండర్‌పాస్‌లోనో నడుంలోతు నీళ్లలో ఆగిన కారును ఈడ్చడానికి అదే దిగాలి.

ప్రతి గేరుబాక్సుకూ గాలి పీల్చుకోవడానికి బ్రీదర్ అని చిన్న గొట్టం ఉంటుంది. వేడిగా ఉన్న గేరుబాక్సు చల్లటి నీళ్లలో మునగ్గానే లోపలి గాలి కుంచించుకుపోయి, ఆ గొట్టంలోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఆటోమేటిక్ క్లచ్ ప్లేట్ల మీద లైనింగు కాగితపు జాతిది, జిగురుతో అంటించి ఉంటుంది. తడిసిందంటే జిగురు వదులుతుంది. ఆయిల్ రెండుసార్లు మార్చినా ఆ ప్లేట్లు మళ్లీ నమ్మదగ్గవి కావు. అందుకే కొత్తది ఏదైనా కానివ్వండి, బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి ఎయిర్ ఫిల్టర్ ఎత్తుకు తీసుకెళ్లి కట్టండి. చవకలో అయిపోయే పని.

వాన లేని నెలలో కూడా ఆయిల్ గులాబీ రంగుకు తిరిగితే రేడియేటర్‌ను అనుమానించండి. చాలా బండ్లలో గేరు ఆయిల్ చల్లబరిచే కూలర్ రేడియేటర్ తొట్టిలోనే ఉంటుంది. అది లోపల చిల్లుపడితే కూలెంట్ వచ్చి ఆయిల్‌లో కలుస్తుంది. ఆ రేడియేటర్ అలాగే ఉంచి కొత్త గేరుబాక్సు బిగిస్తే డబ్బు గంగలో కలిపినట్టే. గంగ ఎలాగూ పక్కనే ఉందనుకోండి.

3. బరువు కన్నా వేడి ప్రమాదం.

ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి వేస్తే రెండోది గాలికి తిరగదూ? అలాగే, గాలి బదులు ఆయిల్. 1905లో హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజినీరు దీనికి పేటెంటు తీసుకున్నది ఓడల కోసం. ఓడరేవు పక్కన బతికినవాణ్ని కాబట్టి నాకా సంగతి ఇష్టం.

బండి కదిలే క్షణంలో ఈ కన్వర్టర్ ఇంజిన్ టార్క్‌ను దాదాపు రెండింతలు చేసి ఇస్తుంది. అందుకే ముప్ఫై టన్నుల కంటైనర్ కూడా ఒక్క కుదుపు లేకుండా కదులుతుంది. కానీ కన్వర్టర్ లోపలి ఆ రెండు ఫ్యాన్ల వేగాల్లో తేడా ఉన్నంతసేపూ ఆ తేడా అంతా వేడిగా మారి ఆయిల్‌లోకే పోతుంది. వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ పడి రెండింటినీ కలిపేస్తుంది, అప్పుడు వేడి తగ్గుతుంది. హైవే మీద ఇంతే కథ. మన డైమండ్ హార్బర్ రోడ్డు మీద లాకప్ పడేదెప్పుడు? 2018 సెప్టెంబరు 4న మాజేర్‌హాట్ వంతెన కూలింది. 2020 డిసెంబరులో కొత్తది తెరిచేదాకా ఈ వైపు బండ్లన్నీ చుట్టూ తిరిగి, పాక్కుంటూ వెళ్లాయి. అలాంటి నడకలో వెనక ఇంకో బండిని తగిలించుకున్న రేకరు గంటల తరబడి కన్వర్టర్ జారుడు మీదే నడుస్తుంది. దాని మీద ఎండ. 2024 ఏప్రిల్ 30న ఆలీపూర్‌లో 43 డిగ్రీలు.

ఆయిల్ 80, 90 డిగ్రీల దగ్గర ఉంటే సుఖం. 120 దాటి పైపైకి పోతుంటే దాని ఆయుష్షు గబగబా తరిగిపోతుంది, సీళ్లు గట్టిపడి పగుళ్లిస్తాయి. కాబట్టి రెండు గేరుబాక్సుల మధ్య ఎటూ తేలకపోతే లాకప్ ఏ గేరు నుంచి పడుతుందో అడగండి. కింది గేర్లలోనే పడేది మన పనికి మంచిది. రేడియేటర్‌ను నమ్ముకోకుండా విడిగా, సొంత ఫ్యాన్ ఉన్న ఆయిల్ కూలర్ పెట్టించండి. డ్రైవర్ కంటికి కనబడేలా ఆయిల్ వేడి చూపే మీటరు ఉండాలి. ఈ రెండింటికీ డబ్బు లేదంటే ఆటోమేటిక్ జోలికి పోవద్దని మొహమాటం లేకుండా చెప్పేస్తాను.

4. హార్స్‌పవర్ చూసి గేరుబాక్సు కొనకండి.

డీజిల్ ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలోనే పెద్ద టార్క్ ఇస్తుంది. గేరుబాక్సు తట్టుకోవాల్సింది ఆ దెబ్బను. టొయోటా హైలక్స్ చూడండి, 2022లో మన దేశంలోకి వచ్చింది. 2.8 లీటర్ల ఇంజిన్ ఒకటే, చేతి గేర్లకు 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌కు 500 ఇచ్చారు. ఇంజిన్ ఎంత ఇవ్వాలో గేరుబాక్సును చూసి తేల్చారన్నమాట. మనం కొనేటప్పుడూ అదే లెక్క పట్టుకోవాలి. ఆ గేరుబాక్సు ఎంత ఇన్‌పుట్ టార్క్‌కు చేసింది, బండీ వెనక తగిలించిన బరువూ కలిపి ఎన్ని టన్నులకు ఒప్పుకున్నారు, ఈ రెండూ కాగితం మీద చూపించమనండి. పంపు బిగించి ఇంజిన్‌కు బలం పెంచిన బండి అయితే ఆ సంగతీ దాచకండి.

ఇంకో మాట. ఒకే కంపెనీ, ఒకే పేరు గేరుబాక్సు పెట్రోల్ బండికీ వస్తుంది, డీజిల్‌కీ వస్తుంది. బోల్టులు కూడా కుదరవచ్చు. కానీ పెట్రోల్‌దాని కన్వర్టర్ ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర పట్టు అందుకునేలా చేసి ఉంటుంది. డీజిల్ వెనక అది పెడితే ఎప్పుడూ జారుతూ, ఎప్పుడూ ఉడుకుతూనే ఉంటుంది.

గేరు నిష్పత్తులూ అంతే. అలిసన్ కంపెనీ 3000 సిరీస్ గేరుబాక్సుల్లోనే మొదటి గేరు 3.49 ఉన్నవీ ఉన్నాయి, 4.59 ఉన్నవీ ఉన్నాయి. డాక్ లోపల నిండు ట్రైలర్ లాగేదానికి రెండోది, రోడ్డు మీద పరుగెత్తే ఫ్లాట్‌బెడ్‌కు మొదటిది. వెనక క్రౌన్ పినియన్ నిష్పత్తి కూడా కలిపి గుణించుకోండి. ఒక్క గేరుబాక్సును చూసి తేల్చేది కాదు.

5. పీటీఓ కన్నం ఉందా?

గేరుబాక్సు పక్క నుంచి బలం బయటికి తీసే అమరికే పీటీఓ. రేకరు మీది విన్చి, హైడ్రాలిక్ క్రేను పంపు దాని నుంచే తిరుగుతాయి. బస్సు నుంచి తీసిన గేరుబాక్సు చవకగా దొరికిందని తెస్తారు, దానికి పక్కన ఆ కన్నమే ఉండదు. బండి నడుస్తుంది, క్రేను లేవదు. బేరమాడక ముందే ఇది చూడండి.

6. మల్లిక్ బజార్‌కు వెళ్తే పగటిపూట వెళ్లండి, తెలిసినవాణ్ని వెంటబెట్టుకుని వెళ్లండి.

పార్క్ స్ట్రీట్ వెళ్లి ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డును కలిసే దగ్గర ఉంది ఆ బజారు. విప్పిన బండ్ల భాగాలు అక్కడ గుట్టలు. అక్కడి మిస్త్రీల పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ఏ కారు ముక్కయినా చీకట్లో తడిమి పేరు చెబుతారు. అయినా ఆటోమేటిక్ గేరుబాక్సు పాతది కొనడమంటే కళ్లు మూసుకుని పెళ్లిచూపులకు వెళ్లడమే.

తప్పదంటే, పక్కన కొట్టిన నేమ్‌ప్లేటు ఉన్నదే తీసుకోండి. పీకేసి ఉంటే వదిలెయ్యండి. మోడల్, సీరియల్ నంబర్లు రాయించి బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వనివాడి సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు, రేపు పోలీసు వచ్చి అడిగేది మిమ్మల్నే. కన్వర్టర్, కంట్రోల్ యూనిట్ అదే బండివి కలిపి ఇమ్మనండి. కూలర్ గొట్టాలు తగిలించే కన్నంలో వేలు పెట్టి వాసన చూడండి. "దాదా, ఏక్‌దమ్ ఫ్రెష్" అన్న మాటకు విలువ సున్నా.

నా ఓటు ఎప్పుడూ మీ సొంత గేరుబాక్సును ఓవర్‌హాల్ చేయించడానికే. కేసు పగలకపోతే, షాఫ్టులు బాగుంటే, ప్లేట్లు, సీళ్లు, బుష్‌లు మార్చి, కన్వర్టర్‌ను కోయించి శుభ్రం చేయించి వేసుకుంటే మీ బండికి సరిపోతుందో లేదో అన్న అనుమానమే ఉండదు. ఖర్చు ఎక్కువనిపిస్తుంది, నిజమే. కానీ బజారు సరుకు మళ్లీ పోతే గేరుబాక్సు రెండుసార్లు దించే కూలీ కూడా లెక్కలో వెయ్యండి.

మొత్తం కొత్తదే పెట్టాల్సి వస్తే, ఈ ఊళ్లో ఇంకెవరి దగ్గర అది తిరుగుతోందో వాకబు చెయ్యండి. అలిసన్ వాళ్లకు చెన్నై దగ్గర ఒరగడంలో 2010 నుంచి ఫ్యాక్టరీ ఉంది. ఊళ్లో తిరిగే ఏసీ వోల్వో సిటీ బస్సులు ఆటోమేటిక్కే, వాటిని విప్పి బిగించిన మెకానిక్కులు ఉన్నారు. దుబాయ్ నుంచి ఒకే ఒక్కటి తెప్పించుకున్న వింత గేరుబాక్సుకు ఒక సీలు కావాలన్నా మూడు వారాలు బండి మూలన పడి ఉంటుంది.

7. మీటల మీద రాసింది నమ్మకండి.

ఏఎంటీ ఉన్న లారీని కూడా ఆటోమేటిక్ అనే అమ్ముతున్నారు. అందులో కన్వర్టర్ ఉండదు. మామూలు క్లచ్, మామూలు గేర్లే, నొక్కే పని కంప్యూటర్ చేస్తుంది. దూరం పోయే సరుకు లారీకి బ్రహ్మాండం. విద్యాసాగర్ సేతు ఎక్కుడులో బరువుతో అంగుళం అంగుళం పాకే రేకరుకు పెడితే క్లచ్ ప్లేటు పొగలు కక్కుతుంది. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

"ఈ గోలంతా ఎందుకు, చేతి గేర్లు పెట్టేద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. మంచి డ్రైవర్ చేతిలో అది తప్పు కాదు. ఆ మంచి డ్రైవర్ రేపు సెలవు పెడితే ఎవరు నడుపుతారో కూడా ఆలోచించుకోండి.

8. కంప్యూటర్లు మాట్లాడుకోవాలి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో ఇంజిన్ యూనిట్, గేరుబాక్సు యూనిట్ ఒకే తీగ మీద నిమిషం ఆగకుండా కబుర్లు చెప్పుకుంటాయి. గేరు మార్చే ముందు టార్క్ తగ్గించమని ఇది అడుగుతుంది, అది తగ్గిస్తుంది. వేరే గేరుబాక్సు పెడితే ఆ భాష కుదరక బండి ఒకే గేరులో పడి కదలనంటుంది. బిగించేవాడి దగ్గర ప్రోగ్రామింగ్ సాధనం ఉందో లేదో ముందే అడగండి.

9. బిగించేటప్పుడు పక్కన నిలబడండి.

కన్వర్టర్‌ను గేరుబాక్సులోకి తోస్తూ తిప్పితే అది ఒక్కసారిగా కూర్చోదు. షాఫ్టు పళ్లు ఒకసారి, స్టేటర్ పళ్లు ఒకసారి, చివర ఆయిల్ పంపు గాడులు, ఇలా మూడుసార్లు "టక్" మని లోపలికి దిగాలి. మూడోది దిగకుండానే ఇంజిన్‌కు ఆనించి బోల్టులతో లాగి బిగిస్తే పంపు అక్కడే పగులుతుంది. రెండు ముఖాలూ కలిశాక కూడా కన్వర్టర్ చేత్తో తిప్పితే తిరగాలి, ఫ్లెక్స్ ప్లేటుకూ దానికీ కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అప్పుడే బోల్టులు వెయ్యనివ్వండి.

పాత కూలర్‌నూ గొట్టాలనూ కడగకుండా తగిలించనివ్వకండి. పాతదాని రజను అంతా అందులోనే దాక్కుని ఉంటుంది. వీలైతే కూలర్ మార్చెయ్యడమే నయం. గేరుబాక్సు కంపెనీ చెప్పిన రకం ఆయిలే పొయ్యండి. అలిసన్‌కు టీఈఎస్ 668 అంటే అదే, ఎరుపు రంగు చూసి ఏదో ఒకటి కాదు.

10. మీరు ఈడ్చే బండి గేరుబాక్సు కూడా మీ బాధ్యతే.

ఈ ఊళ్లో "మా" అనే పేరున్న ఫ్లైఓవర్ మీద ఆటోమేటిక్ కారు ఆగిపోతే ట్రాఫిక్ వాళ్లు తొందరపెడతారు, రేకరు వాడు ముందు చక్రాలు ఎత్తి బరబరా ఈడ్చుకుపోతాడు. ఆటోమేటిక్‌లో ఆయిల్ పంపును తిప్పేది ఇంజిన్. ఇంజిన్ ఆగి చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు చుక్క ఆయిల్ లేకుండా రుద్దుకుంటాయి. న్యూట్రల్‌లో పెట్టినా అంతే. ముందు చక్రాలతో నడిచే కారైతే అవి గాల్లో ఉంటే చాలు. వెనక చక్రాలతో నడిచేదైతే వెనకవైపు నుంచి ఎత్తండి, లేదా కింద దూరి ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పండి. నాలుగు చక్రాలతో నడిచేదాన్ని ఫ్లాట్‌బెడ్ మీదికే ఎక్కించాలి. మీ రేకరే ఆగిపోయినా ఇదే వరస, షాఫ్ట్ విప్పకుండా ఇంకో బండితో లాగించకండి. నాలుగు బోల్టుల పని అది. ఆ కాసేపట్లో సార్జెంట్ దొర నాలుగు తిడతాడు, బోల్టులు విప్పుతూ వినండి.