కమాను పట్టీ చెప్పిన పాఠం



సామాను సర్దడం మీలో చాలామందికి కొత్త కాదు. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే పుస్తకాలు అట్టపెట్టెల్లోకి చేరతాయి. మాదీ అదే కథ. మేము కోల్‌కతాకు వచ్చిన ఏడాది ఆ పెట్టెల బరువే మాకొక పాఠం నేర్పింది. అందులో కొంత విజ్ఞానశాస్త్రం ఉంది, కొంత తెలుగు ఉంది, కొంత భయం కూడా ఉంది.

మాది పాత అంబాసిడర్ కారు. పెట్టెలు ఎక్కించినప్పుడల్లా దాని వెనుక భాగం కిందికి కుంగేది. అంతకుముందున్న ఊళ్లో ఒక మెకానిక్ దగ్గర వెనుక రెండు వైపులా చెరి రెండు ఇనుప పట్టీలు అదనంగా వేయించాము. కారు ఎత్తుగా నిలబడింది. బాగా గట్టిపడిందని మురిసిపోయాము.

ఒక వానరోజు వాట్‌గంజ్‌లో గతుకుల మలుపు దగ్గర బ్రేకు వేశాము. వెనుక చక్రాలు నేల విడిచి ఎగిరాయి. కారు పక్కకు జారి, ఆగి ఉన్న లారీకి జానెడు దూరంలో నిలిచింది. వెనుక సీట్లో మా పాప ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అక్కడే ఒక చిన్న షెడ్డుకు వెళ్లాము. ముసలి మిస్త్రీ డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి నొక్కి వదిలాడు. "మాస్టర్‌మశాయ్, ఇది బలపడలేదు, బిగుసుకుపోయింది" అన్నాడు. ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో తెలుసుకోవడమే ఈ పాఠం.

ఊరు, కారు

వాట్‌గంజ్ హుగ్లీ నది ఒడ్డున ఖిదిర్‌పూర్ రేవు పక్కన ఉంది. 18వ శతాబ్దంలో ఇక్కడ ఓడల మరమ్మతు రేవు కట్టించిన కల్నల్ హెన్రీ వాట్సన్ పేరు మీదే దీన్ని వాట్‌గంజ్ అంటారు. అంబాసిడర్ కూడా ఈ నది ఒడ్డున పుట్టిందే. నదికి ఎగువన, అవతలి గట్టున ఉన్న ఉత్తర్‌పాడాలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని తయారుచేసింది. 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయింది.

పేరులో విల్లు ఉంది

ఈ కారు వెనుక ఇరుసును రెండు వైపులా వంపు తిరిగిన ఉక్కు పట్టీల కట్టలు మోస్తాయి. మన మెకానిక్‌లు వాటిని కమాను పట్టీలు అంటారు. హిందీలో కమానీ. 'కమాన్' అంటే పారశీక భాషలో విల్లు. కేరళలో ఇలాంటి పట్టీలున్న ఎడ్లబండిని 'విల్లువండి' అనేవారు. 1893లో, వెనుకబడేసిన కులాలవారికి దారిన నడిచే హక్కు కోసం అయ్యంకాళి ఎక్కి వెళ్లిన బండి అదే. మలయాళ 'విల్లు', మన 'విల్లు', హరివిల్లులోని 'విల్లు' ఒకే మాట. భాషలు వేరైనా అందరికీ ఆ ఇనుప పట్టీలో విల్లే కనిపించింది.

విల్లు వంగాలి, తిరిగి నిలవాలి

స్ప్రింగు మీద ఎంత బలం వేస్తే అది అంత వంగుతుందని రాబర్ట్ హుక్ కనుగొన్నాడు. 1676లో ఆ నియమాన్ని లాటిన్ అక్షరాలు కలగాపులగం చేసి పొడుపుకథలా అచ్చువేయించి, 1678లో దాని విడుపు చెప్పాడు. పట్టీలు పెరిగితే అదే బరువుకు వంపు తగ్గుతుంది. మేము పట్టీలు పెంచింది నిండు కారును చూసి. రోజూ నడిపేది ఖాళీ కారును. తేలికైన కారు కింద అంత బిగువైన పట్టీ గతుకును మింగలేక చక్రాన్ని పైకి విసిరింది.

మా రెండో తప్పు షాక్ అబ్జార్బర్లను పాతవే ఉంచడం. పట్టీ బరువు మోస్తుంది. ఊగులాటను ఆపేది మాత్రం షాక్ అబ్జార్బర్. లోపలి నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టి, ఊపును వేడిగా మారుస్తుంది. మావి ఎప్పుడో అరిగిపోయాయి.

వేగం కోసం కారును మార్చేవారికి ఇంకో చిక్కు ఉంది. బలమైన ఇంజను ఒక్కసారిగా చక్రాలను తిప్పితే, ఇరుసు ఎదురుదిశలో మెలితిరగబోతుంది. పట్టీ పాములా వంకర తిరిగి, చక్రాలు దడదడ ఎగురుతాయి. అందుకే పందెం కార్లలో ఇరుసును పట్టి ఉంచే కడ్డీలు అదనంగా బిగిస్తారు. ఇంజను బలం పెంచితే దాన్ని మోసేవాటినీ చూసుకోవాలి.

మిస్త్రీ అమర్చిన తీరు

ముందు చక్రాలకు అడ్డం పెట్టాడు. జాకీతో కారు ఎత్తి, బాడీ కింద ఇనుప స్టాండ్లు నిలిపాడు. ఒట్టి జాకీని నమ్మి కారు కింద దూరకూడదని మా పాపకు రెండుసార్లు చెప్పాడు. ఇరుసుకు ఆసరా పెట్టి, షాక్ అబ్జార్బర్లు, యు బోల్టులు, పట్టీల కట్టలు విప్పాడు. మేము వేయించిన అదనపు పట్టీలు పక్కన పడేశాడు.

పట్టీ చదును అయినప్పుడు దాని పొడవు కొంచెం పెరుగుతుంది. అందుకే వెనుక కొసకు ఊగే షేకిల్ ఉంటుంది. దాని రబ్బరు బుష్‌లు మార్చి, సరైన కొలత పట్టీల కట్టలను రెండు వైపులా జతగా వేశాడు. ఒకవైపే మార్చితే కారు ఒరుగుతుంది. సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూశాడు. కొత్త యు బోల్టులను అటూ ఇటూ సమంగా బిగించాడు. షాక్ అబ్జార్బర్లూ కొత్తవే.

బుష్‌ల బోల్టులు మాత్రం వదులుగా ఉంచాడు. మేము అడిగితే, "ముందు నేల మీదికి దిగనివ్వండి" అన్నాడు. గాలిలో ఉండగా బిగిస్తే, కారు దిగగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. చక్రాలు నేలను తాకి బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. కొన్ని వందల కిలోమీటర్లు నడిపాక యు బోల్టులు మళ్లీ చూడాలి.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. బయట దొరికే విడిభాగం ఏది వేయాలన్నా ముందు ఇది గుర్తుంచుకోండి.

చివరిగా ఒక మాట

కొత్త బడిలో మొదటిరోజే "ఈ ఊరు నాకు నచ్చదు" అని మనసు బిగించేసుకున్న పిల్లలను మేము ఎందరినో చూశాము. ఒకప్పుడు మేమూ అలాగే చేశాము. ముందు నేల మీదికి దిగండి. అక్కడి బరువు కొంచెం మోయండి. బిగింపు సంగతి తర్వాత చూడొచ్చు.

చేసి చూడండి

1. ఒక ప్లాస్టిక్ స్కేలును బల్ల అంచున సగం బయటికి పట్టుకుని, కొసకు చిన్న బరువు వేలాడదీయండి. వంపు కొలవండి. రెండు స్కేళ్లు ఒకదానిపై ఒకటి పెట్టి మళ్లీ చేయండి. తర్వాత రెండింటినీ జిగురుతో గట్టిగా అతికించి చేయండి. మందం రెట్టింపైన ఒకే పట్టీ ఎనిమిది రెట్లు బిగువవుతుంది. విడివిడి పట్టీలు రెండు రెట్లే. కట్టలో పట్టీలను ఎందుకు అతికించరో చెప్పండి.
2. మీరు ఉన్న ఊళ్లో కమాను పట్టీని ఏమంటారో మెకానిక్‌ను అడిగి రాయండి.
3. 'బలపడటం', 'బిగుసుకుపోవడం' మాటలను సొంత వాక్యాల్లో వాడండి.