అమ్మ ఊరు వదలనంటోంది

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. బూర్గంపాడులో ఒక్కతే ఉంటుంది. మోకాళ్ల నొప్పులు. హైదరాబాద్ రమ్మంటే రానంటోంది. ఏం చేయాలి?
– ఒక కూతురు

జవాబు: అమ్మా, ఆమెను బలవంతపెట్టకండి. ఇరుగుపొరుగు పలకరింపే ఆ వయసులో సగం బలం. మనిషిని కదిలించే బదులు ఇంటిని మార్చండి. మరుగుదొడ్డి గోడకు పట్టుకునే కడ్డీ, తడిసినా జారని నేల, మంచం పక్కనే లైటు స్విచ్చి పెట్టించండి. పేద కుటుంబాల వృద్ధులకు కేంద్రం 2017 నుంచి వయోశ్రీ పథకం కింద చేతికర్రలు, వాకర్లు ఉచితంగా ఇస్తోంది. వివరాలకు వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.

నాకు అసలు భయం మీ అమ్మ ఊరి పక్కనున్న గోదావరితోనే. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటింది. అక్కడ మొదటి హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి చివరి హెచ్చరిక దాకా ఆగడం ప్రమాదం. 43 అనగానే ఆమెను మెరక మీది చుట్టాలింటికి ఎవరు తీసుకెళ్లాలో వానలు మొదలవకముందే పక్కింటివాళ్లతో మాట్లాడుకోండి. మందులు, ఆధార్, పింఛను కాగితాలు ఒకే సంచిలో సర్దిపెట్టండి. ఆశా కార్యకర్తకు మీ నంబరు ఇవ్వండి. పొద్దున్నే రోజూ ఒక ఫోన్ చేయండి; ఎత్తకపోతే వెళ్లి చూసే మనిషి పక్కింట్లోనే ఉండాలి.